లేజర్‌తో రసాయన చర్యను దారి మళ్లించాలంటే: రంగు మేలా, దశ మేలా, మలిచిన పల్స్ మేలా?

మామిడి కొమ్మ పట్టుకుని ఊపితే ఏ కాయ రాలుతుందో మన చేతిలో ఉండదు. పండు రాలొచ్చు, పిందె రాలొచ్చు. ఫలానా కాయే కావాలంటే గెడకు చిక్కం కట్టుకుని దాని దగ్గరకే వెళ్లాలి. రసాయన శాస్త్రంలో వేడి చేయడమంటే కొమ్మ ఊపడమే. అణువులోని బంధాలన్నీ ఊగుతాయి, వాటిలో బలహీనమైనది ముందు తెగుతుంది. మనకు కావలసింది బలమైన బంధం తెగడమైతే వేడిని నమ్ముకుని లాభం లేదు.

1960లో థియొడోర్ మైమన్ కాలిఫోర్నియాలో మొదటి రూబీ లేజర్ వెలిగించాక, చిక్కం దొరికిందనే అనుకున్నారు చాలామంది. ప్రతి బంధం తనదైన వేగంతో కంపిస్తుంది. లేజర్ ఒకే రంగు కాంతిని ఇస్తుంది. ఆ రంగును ఆ కంపనానికి సరిగ్గా జత చేస్తే ఆ ఒక్క బంధమే తెగాలి కదా! లెక్క బాగానే ఉంది. అణువు మాత్రం ఒప్పుకోలేదు. ఒక బంధంలోకి పోసిన శక్తి సాధారణంగా కొద్ది పికోసెకన్లలో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన, అణువంతా పాకిపోతుంది. బంధం తెగేలోపే శక్తి పక్క బంధాలకు జారిపోతే, మనం చేసింది చాలా ఖరీదైన పొయ్యి మీద వేడి చేయడమే అవుతుంది.

ఈ శక్తి జారుడును ఎలా దాటాలి అన్న చోటే దారులు చీలాయి. ఏది మేలు అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు ఎంచుకోవాల్సింది ఒక మిశ్రమంలో ఉన్న రెండు రకాల అణువుల మధ్యా, లేక ఒకే అణువులో ఉన్న రెండు బంధాల మధ్యా? ఎవరిని కొట్టాలి, ఎక్కడ కొట్టాలి అన్నవి వేరువేరు పనులు. ఈ తేడా పట్టించుకోకుండా పోల్చడం వల్లే కొన్ని వ్యాసాల్లో లేజర్ రసాయనం అద్భుతంగానూ, మరికొన్నింట్లో ఘోర వైఫల్యంగానూ కనిపిస్తుంది.

రంగుతో ఎంచుకోవడం

అన్నిటికన్నా పాతది, మోటైనది ఇదే. నా లెక్కలో డబ్బుకు తగిన పని చేసింది కూడా ఇదే.

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును తీసుకుందాం. ప్రకృతిలో దొరికే సల్ఫర్‌లో దాదాపు 95 శాతం సల్ఫర్-32, 4 శాతం పైచిలుకు సల్ఫర్-34. రసాయనంగా రెండూ కవలలు. ఏ ఆమ్లం వేసినా రెండూ ఒకేలా స్పందిస్తాయి. కానీ 34 కాస్త బరువు కాబట్టి దాని అణువు కొంచెం నిదానంగా కంపిస్తుంది. ఆ తేడా దాదాపు 2 శాతం. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఇచ్చే 10.6 మైక్రోమీటర్ల ప్రాంతపు పరారుణ కాంతికి ఆ 2 శాతం చాలు, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకోవడానికి. 1975లో మాస్కో దగ్గరి ట్రోయిట్స్క్‌లో లెటొఖోవ్ బృందమూ, అమెరికాలో లాస్ అలమోస్ బృందమూ ఈ పద్ధతిలో సల్ఫర్ ఐసోటోపులను, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న ఈ రెండు రూపాలను, వేరుచేసి చూపించాయి.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ లేజర్ ఫోటాన్ (కాంతి రేణువు) ఒక్కోదాని శక్తి మోల్‌కు సుమారు 11 కిలోజౌళ్లు. సల్ఫర్-ఫ్లోరిన్ బంధం తెగడానికి 390 దాకా కావాలి. అంటే ఒక్కో అణువు ముప్పై అయిదు ఫోటాన్లను మింగాలి. కానీ అణువులో శక్తి మెట్లు పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, మొదటి మెట్టుకు సరిపోయిన రంగు అయిదో మెట్టుకు సరిపోకూడదు. మరి ఎలా ఎక్కుతోంది? ఇందాక తిట్టుకున్న ఆ శక్తి జారుడే ఇక్కడ పని చేసిపెడుతుంది. కొన్ని మెట్లు ఎక్కాక అణువులో కంపన స్థితులు ఎంత కిక్కిరిసిపోతాయంటే, మెట్లు మాయమై వాలు బాటలా తయారవుతుంది. ఇక ఏ ఫోటాన్ వచ్చినా తీసుకుంటుంది. ఎంపిక అంతా మొదటి మూడు నాలుగు మెట్ల దగ్గరే అయిపోయింది. ఆ తర్వాత శక్తి అణువంతా పాకినా మనకు పోయేదేమీ లేదు, ఎందుకంటే కావలసిన అణువు ఇప్పటికే మన చేతికి చిక్కింది. అది ఏ బంధం దగ్గర తెగినా పర్వాలేదు.

యురేనియం విషయంలోనూ ఇదే తర్కం. సహజ యురేనియంలో యురేనియం-235 ఐసోటోపు ఉండేది 0.7 శాతం. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో యురేనియం ఆవిరి మీదకు జాగ్రత్తగా ఎంచిన రంగుల లేజర్లు వేసి, 235 పరమాణువుల నుంచి మాత్రమే ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి, విద్యుదావేశం ఉన్న పలకల మీదకు లాగేవారు. (ఇది కచ్చితంగా చెప్పాలంటే రసాయన చర్య కాదు. ఎంపిక సూత్రం ఒకటే కాబట్టి ఇక్కడ చేర్చాను.) శాస్త్రం పనిచేసింది. వ్యాపారం గిట్టుబాటు కాక 1999లో ఆపేశారు. ఆస్ట్రేలియాలో పుట్టిన సైలెక్స్ అనే మరో లేజర్ పద్ధతికి 2012లో నార్త్ కరోలినాలో ప్లాంటు కట్టుకోవడానికి అమెరికా అణు నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది, కానీ ఆ ప్లాంటు కట్టనే లేదు. పైగా ఈ పద్ధతి మరీ బాగా పనిచేస్తే అణ్వాయుధాలు కోరుకునేవారికి చిన్న షెడ్డు చాలన్న భయం ఉండనే ఉంది. అందుకే సైలెక్స్ వివరాలు రహస్యం.

మరి ఒకే అణువులో రెండు బంధాల మధ్య ఎంపిక రంగుతో అసలు కుదరదా? కుదిరిన సందర్భం ఒకటుంది, అది చాలా అందమైనది. నీటి అణువులో ఒక హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెడితే హెచ్ఓడీ వస్తుంది. ఒక పక్క ఓ-హెచ్ బంధం, మరో పక్క ఓ-డీ బంధం. రెండింటి కంపన వేగాలూ చాలా దూరం, సుమారు 37కి 27 నిష్పత్తిలో. అంత తేడా ఉంటే శక్తి ఒకదాన్నుంచి మరోదానికి సులువుగా జారదు. 1990లో విస్కాన్సిన్‌లో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం ఓ-హెచ్ బంధాన్ని లేజర్‌తో గట్టిగా ఊపి, దాని మీదకు హైడ్రోజన్ పరమాణువును వదిలింది. ఆ పరమాణువు లాక్కుపోయింది దాదాపు ప్రతిసారీ ఊగుతున్న హైడ్రోజన్‌నే. మరుసటి ఏడాది స్టాన్‌ఫోర్డ్‌లో రిచర్డ్ జేర్ బృందం ఒక్క మెట్టు ఊపినా చాలని చూపింది. ఓ-డీని ఊపితే ఫలితం తలకిందులైంది.

ఇది చదివి పొంగిపోయే ముందు గుర్తుంచుకోవాల్సింది, అది మూడే మూడు పరమాణువుల అణువు. పది పదిహేను పరమాణువులున్న మామూలు సేంద్రియ అణువులో శక్తి పారిపోవడానికి ఎన్ని సందులో! హెచ్ఓడీని చూసి మందుల తయారీ గురించి కలలు కనడం, గుడిసెకు వేసిన తాళం చూసి కోటకు కాపలా లెక్క వేసినట్టు.

సమయంతో ఎంచుకోవడం

దీని మీద ఎక్కువ చెప్పను. 1985లో షికాగోలో డేవిడ్ టానర్, స్టువర్ట్ రైస్ ఒక ఆలోచన ప్రతిపాదించారు. మొదటి పల్స్‌తో, అంటే క్షణకాలపు లేజర్ మెరుపుతో, అణువును ఊపు మీదకు ఎక్కించాలి, అది సరైన ఆకారంలోకి సాగిన క్షణంలో రెండో పల్స్ వేసి కావలసిన దారిలోకి నెట్టాలి. ఉయ్యాల ఊపేవాళ్లకు కొత్తేమీ కాదు. శక్తి జారడానికి పికోసెకన్లు పడితే, అంతకన్నా ముందే పని ముగించాలి, అంతే. 1992లో కాల్‌టెక్‌లో అహ్మద్ జెవాయిల్ బృందం అయోడిన్ అణువును ఇలా ఊపి, రెండో పల్స్ ఆలస్యాన్ని మార్చుతూ పోతే, జెనాన్‌తో కలిసి జెనాన్ అయొడైడ్ ఏర్పడే మోతాదు ఎగుడుదిగుడుగా మారడం చూపింది. అయోడిన్ అణువు కంపించే లయకు ఆ ఎగుడుదిగుడు సరిపోయింది. పెద్ద అణువుల్లో ఆ లయ కొద్ది ఊపులకే చెదిరిపోతుంది. సాధనంగా ఇది ఇప్పుడు మలిచిన పల్స్‌లో కలిసిపోయింది కాబట్టి దీన్ని ప్రత్యేక పోటీదారుగా లెక్కించను.

దశతో ఎంచుకోవడం

1986లో టొరంటోలో పాల్ బ్రూమర్, ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థలో మోషే షపీరో ఒక వేరే దారి చూపారు. అణువు ఒక శక్తి స్థితికి చేరడానికి రెండు దారులు ఇద్దాం. ఒక దారిలో పెద్ద ఫోటాన్ ఒక్కటి. రెండో దారిలో దానిలో మూడో వంతు శక్తి ఉన్న చిన్న ఫోటాన్లు మూడు. చేరేది ఒకే చోటికి. ఏ దారిన వచ్చిందో చెప్పే గుర్తు ఏదీ మిగలకపోతే, క్వాంటం నియమాల ప్రకారం రెండు దారులూ అలల్లా కలుస్తాయి. అలలు ఒకదానికొకటి తోడవ్వొచ్చు, ఒకదాన్నొకటి చంపుకోవచ్చు. అది తేల్చేది రెండు లేజర్ల మధ్య ఉన్న దశ తేడా, అంటే ఒకదాని అల శిఖరం రెండోదాని శిఖరానికి ఎంత ముందో వెనకో ఉందన్నది. ఒక ఉత్పన్నం వైపు తోడై, మరో ఉత్పన్నం వైపు చంపుకునేలా దశను సర్దగలిగితే, శక్తి అణువులో ఎలా పాకుతుందన్న గొడవే మనకక్కర్లేదు.

1995లో ఇలినాయ్ విశ్వవిద్యాలయపు షికాగో ప్రాంగణంలో రాబర్ట్ గోర్డన్ బృందం హైడ్రోజన్ అయొడైడ్ మీద దీన్ని చేసి చూపింది. సుమారు 354 నానోమీటర్ల ఫోటాన్లు మూడు, 118 నానోమీటర్ల ఫోటాన్ ఒకటి. అణువు ముందు రెండు దారులు: ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయానుగా మారడం, లేదా హైడ్రోజన్, అయోడిన్‌గా విడిపోవడం. దశను మెల్లగా మార్చితే రెండు ఉత్పన్నాలూ అలల్లా ఎక్కుతూ దిగుతూ పోయాయి, కానీ అడుగు కలవకుండా. ఒకటి పైకి వెళ్లే చోట రెండోది కిందకు. రంగు అదే, తీవ్రత అదే. మారింది దశ ఒక్కటే.

ఈ రంగంలో ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం నాకు కనిపించదు. ఎందుకు పనిచేసిందో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, ఆ వాక్యం నిజం కూడా. కానీ దీంతో కాపురం చేయడం కష్టం. 118 నానోమీటర్ల కాంతి గాలిలో ప్రయాణించదు, మామూలు గాజులోంచి పోదు, అంతా శూన్యంలోనే జరగాలి. అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటే దశ చెదురుతుంది, అంటే ద్రవంలో దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం, మీ అణువుకు సరిపోయే రెండు దారుల్ని ముందే కనుక్కోవాలి. హైడ్రోజన్ అయొడైడ్‌కు కనుక్కోవచ్చు. పారాసెటమాల్‌కు కనుక్కోమంటే టెన్షన్ పెట్టినట్టే.

మలిచిన పల్స్

ప్రిన్స్‌టన్‌కు చెందిన హెర్షెల్ రాబిట్జ్, రిచర్డ్ జడ్సన్‌తో కలిసి 1992లో చెప్పిన మాట ఒక రకంగా చేతులెత్తేయడమే, కానీ తెలివిగా ఎత్తేయడం. పెద్ద అణువు క్వాంటం సమీకరణాన్ని మనం లెక్కకట్టలేం. అణువుకు మాత్రం తన సమీకరణం తెలుసు, ప్రతి పల్స్‌కీ దాన్ని క్షణంలో పరిష్కరించి జవాబిస్తుంది. అలాంటప్పుడు అణువునే అడుగుతూ పోదాం.

అడిగే పద్ధతి ఇది. ఫెమ్టోసెకను (పికోసెకనులో వెయ్యో వంతు) పల్స్‌లో ఒక్క రంగే ఉండదు, పల్స్ ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ రంగులు కలిసి ఉంటాయి. ఒక గ్రేటింగ్‌తో, అంటే సన్నని గీతలు చెక్కిన పలకతో, ఆ రంగుల్ని ఇంద్రధనుస్సులా పరిచి, మధ్యలో ద్రవస్ఫటికపు పలక పెడతారు. టీవీ తెరలో ఉండే సరుకే. దానిలో సాధారణంగా 128 గళ్లు, ఒక్కో గడి ఒక్కో రంగు ముక్కను కావలసినంత ఆలస్యం చేస్తుంది. రెండో గ్రేటింగ్ అన్నిటినీ మళ్లీ కలిపితే కొత్త ఆకారం ఉన్న పల్స్ వస్తుంది. ఒక్కో గడికి వంద విలువలు అనుకున్నా సాధ్యమయ్యే ఆకారాలు 1 పక్కన 256 సున్నాలు. అన్నీ వెతకలేం. అందుకని కంప్యూటర్ కొన్ని డజన్ల ఆకారాలు వేసి చూస్తుంది, బాగా పనిచేసిన వాటిని ఉంచి, వాటి లక్షణాలను కలగలిపి, కొంచెం అటూ ఇటూ మార్చి తర్వాతి తరం తయారుచేస్తుంది. మార్కులు వేసేది మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే తెగిన ముక్కల్ని బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే పరికరం. చారులో చింతపండు ఎంతో కొలతలు తెలియకపోయినా, రుచి చూసి సర్దుకుంటూ పోయే వంటలాంటిదే.

1998లో జర్మనీలోని వ్యుర్జ్‌బర్గ్‌లో గుస్తవ్ గెర్బర్ బృందం ఒక ఇనుప కార్బొనిల్ సంయోగం మీద దీన్ని ప్రయోగించింది. 800 నానోమీటర్ల, 80 ఫెమ్టోసెకన్ల పల్స్‌లు. రెండు రకాల ముక్కల నిష్పత్తిని సుమారు 5:1 నుంచి దాదాపు 1:1 దాకా, ఏ వైపు అడిగితే ఆ వైపు జరపగలిగింది. అణువు గురించి ముందుగా ఏమీ చెప్పకుండానే! 2001లో రాబర్ట్ లెవిస్ బృందం ఇంకా బలమైన పల్స్‌లతో అసిటోఫినోన్ నుంచి టొలుయీన్ అయాను కూడా పుట్టించింది, అంటే తెంచడమే కాకుండా కొత్త బంధం కట్టడం. బలమైన కాంతి క్షేత్రంలో అణువు శక్తి మెట్లే వంగిపోతాయి కాబట్టి, ఒకే 800 నానోమీటర్ల లేజర్ ఎన్నో రకాల అణువులకు సరిపోతుంది. రంగు పద్ధతిలో ప్రతి అణువుకూ వేరే లేజర్ వెతుక్కునే బాధ ఇక్కడ లేదు. ఈ ఒక్క సుగుణం చిన్నదేమీ కాదు.

ద్రవంలోనూ కొంత ఆశ ఉంది. 2006లో టొరంటోలో డ్వేన్ మిల్లర్ బృందం బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రొటీన్‌లో కాంతిని పట్టే రెటినాల్ అనే భాగం మెలిక తిరిగే చర్యను మలిచిన పల్స్‌తో సుమారు 20 శాతం పెంచింది, అలాగే 20 శాతం తగ్గించింది. నిజంగా దశ వల్లే ఆ మార్పు వచ్చిందా అన్న వాదన చాలాకాలం నడిచింది.

ఇక లోపం. అది చిన్నది కాదు. వందల తరాల తర్వాత కంప్యూటర్ ఒక చిత్రమైన గీత చేతిలో పెట్టి ఇదే ఉత్తమ పల్స్ అంటుంది. ఎందుకు? దానికి తెలియదు, మనకూ తెలియదు. కొన్నిసార్లు తీరా విప్పి చూస్తే అంత ఆకారమంతా అలంకారమే. పల్స్‌ను కాస్త సాగదీసి దాని తీవ్రత తగ్గించినా అదే నిష్పత్తి వచ్చేది. అంటే తీవ్రత మార్చే మీట తిప్పితే సరిపోయేదానికి 128 గళ్ల వాయిద్యం వాయించినట్టు. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవం అక్కడ కొంచెం తగ్గుతుంది.

బిల్లు ఎంత

పోలికల్లో చాలామంది వదిలేసేది ఇదే. లెక్క తేలికే.

800 నానోమీటర్ల ఫోటాన్లు ఒక మోల్ అంటే సుమారు 150 కిలోజౌళ్లు. ప్రయోగశాలలో మామూలుగా కనిపించే టైటానియం-సఫైర్ యాంప్లిఫయర్ (ఇలాంటి పల్స్‌లను బలపరిచే లేజర్ పరికరం) సెకనుకు వెయ్యి పల్స్‌లు, ఒక్కోటి ఒక మిల్లీజౌల్. సగటున ఒక వాట్. కాబట్టి ఒక మోల్ ఫోటాన్లు పోగవ్వడానికే లక్షా యాభై వేల సెకన్లు, దాదాపు 42 గంటలు. ఒక్క ఫోటాన్ కూడా వృథా కాకూడదు, అణువుకు ఒక్కటే చాలాలి అనుకుంటేనే ఈ లెక్క. వ్యుర్జ్‌బర్గ్ తరహా ప్రయోగాల్లో ఒక్కో అణువు చాలా ఫోటాన్లు తీసుకుంటుంది, పైగా పని జరిగేది వెంట్రుకమందం బిందువులో, శూన్యంలో.

పక్కన రంగు పద్ధతి పెట్టండి. ఒక కిలోవాట్ కార్బన్ డయాక్సైడ్ లేజర్, లోహపు రేకులు కోసే కర్మాగారాల్లో వాడేంత. ఒక మోల్ సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, అంటే 146 గ్రాములు, తెంచడానికి అణువుకు 35 ఫోటాన్ల చొప్పున 395 కిలోజౌళ్లు. వృథా లేదనుకుంటే ఏడు నిమిషాల లోపే. 42 గంటలకూ ఏడు నిమిషాలకూ ఉన్న తేడాయే ఒకటి ప్లాంటు అనుమతి దాకా, రెండోది పరిశోధన పత్రాల దాకా వెళ్లడానికి పెద్ద కారణం.

నిజానికి లేజర్‌కు అసలు పోటీ ఇంకో లేజర్ కాదు, ఉత్ప్రేరకం. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో వేల లీటర్ల రియాక్టర్లు తిరుగుతాయి. అక్కడ పల్లాడియం ఉత్ప్రేరకం ఒక్కో పరమాణువూ వందల వేల అణువుల పని చేసి మళ్లీ తయారుగా ఉంటుంది. ఫోటాన్ ఒకసారి ఖర్చయితే పోయినట్టే. కాబట్టి లేజర్ గెలవాలంటే ఉత్ప్రేరకానికి కనిపించని తేడా ఉండాలి. ఐసోటోపుల తేడా సరిగ్గా అలాంటిది. గ్రాము ధర ఆకాశంలో ఉండే సరుకు కావడం కూడా కలిసొచ్చింది.

మరి నేను ఏది ఎంచుకుంటాను

రెండు రకాల అణువుల్ని విడదీయాలంటే రంగు. ఇందులో నాకు సందేహమేమీ లేదు. ఫోటాన్ చవక, లేజర్ మొరటుది, సూత్రం యాభై ఏళ్లుగా నిలబడింది. ఒకే అణువులో బంధాన్ని ఎంచుకోవాలి, అణువు మూడు నాలుగు పరమాణువులదే అంటే దశను ప్రయత్నిస్తాను. కనీసం చివర్లో ఏం జరిగిందో చెప్పగలను. అణువు పెద్దదైతే మలిచిన పల్స్ తప్ప వేరే దారి నాకు తెలియదు. దాన్ని సరుకు తయారీకి వాడే రోజు మాత్రం ఈ లేజర్లతో రాదు.

పీహెచ్‌డీ చేరబోతూ ఏ ల్యాబ్ అని అడిగితే, బతుకుతెరువు దృష్టితో మలిచిన పల్స్ ల్యాబే చెబుతాను. ఆప్టిక్స్, కోడింగ్, శూన్య పరికరాలు, మాస్ స్పెక్ట్రోమెట్రీ నాలుగూ చేతికొస్తాయి, ఒకటి కాకపోతే ఒకటి అన్నం పెడుతుంది. చేరిన మొదటి వారంలోనే ఒక పని చేయండి. కంప్యూటర్‌ను పక్కన పెట్టి, ఏ ఆకారమూ ఇవ్వని మామూలు పల్స్‌ను ఊరికే సాగదీస్తూ, తీవ్రత తగ్గిస్తూ ఉత్పన్నాల నిష్పత్తి గీసుకోండి. ఆర్నెల్ల తర్వాత కంప్యూటర్ అద్భుతమైన పల్స్ చూపించినప్పుడు, ముందు ఆ గీత తీసి పక్కన పెట్టి చూడండి.